అమ్మ బ్రేకు, నాయనమ్మ ఎసరు

మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు మా పాప చిట్టి స్టూలెక్కి, గోడ అల్మారాలో బైబిల్ పక్కనున్న రెండు నల్లటి ఇనుప ముక్కలు చేతిలోకి తీసుకుని, "అమ్మా, గీ బిస్కెట్లు మాడిపోయినయ్" అని అరిచింది. వంటింట్లో ఉన్న అమ్మ, వాకిట్లో ఉన్న నాయిన ఇద్దరూ ఒకేసారి "ఆడ పెట్టు, ఆడ పెట్టు!" అంటూ పరిగెత్తుకొచ్చారు. అదే పిల్ల నా పెళ్ళి ఆల్బమ్ మీద పాలు ఒలకబోసినప్పుడు ఇద్దరిలో ఒక్కరూ కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

అవి బిస్కెట్లు కావు. అమ్మ పాత బండి బ్రేకు ప్యాడ్లు. బండి ముందు చక్రానికి పళ్ళెంలా ఒక డిస్కు ఉంటుంది కదా, చేత్తో బ్రేకు నొక్కినప్పుడు దాన్ని రెండు వైపులా గట్టిగా పట్టుకుని ఆపేవి ఇవే. ఇనుప రేకు మీద అతికించిన లైనింగ్ అరిగి అరిగి, చివరికి రేకు ఒక్కటే మిగిలిన జత అది. మా తాతయ్య ఫొటోకే తలుపు మీద మేకు దొరికింది తప్ప ఆ అల్మారాలో చోటు దొరకలేదు. వీటికి దొరికింది. పెట్టింది నాయనమ్మ. ఆమె పోయి చాలా కాలమైనా అక్కడి నుంచి వాటిని తీసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పడం మొదలుపెడితే అది మధ్యలోనే నిద్రపోయింది. నోట్లోకి వచ్చిన కథ ఆగదు కాబట్టి మిగిలింది మీకు చెబుతాను.

మా ఊరు భద్రాచలం పోయే రోడ్డు మీద, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. రోడ్డు వైపు నాయిన మెకానిక్ షెడ్డు, దాని వెనక మా ఇల్లు. అందుకని మా ఇంట్లో ఏ వస్తువుకూ దాని వాసన ఒక్కటే ఉండేది కాదు. చాప మీద పడుకుంటే పెట్రోలు వాసన, తలగడకు గ్రీజు వాసన, అమ్మ సంచి తెరిస్తే స్పిరిటు వాసన. వీటన్నిటి మీదా నాయనమ్మ చుట్ట వాసన. పాస్టరయ్య వస్తున్నాడంటే నాయనమ్మ చుట్టను గోడ కన్నంలో దాచి, నోట్లో లవంగం వేసుకునేది. ఆయన కూడా లోపలికి రాగానే గట్టిగా ఒకసారి పీల్చి, "మెకానిక్ ఇల్లు గదా, పొగ ఉంటది" అని ఆమె పరువు కాపాడేవాడు.

అమ్మ సబ్ సెంటర్‌లో నర్సు. బుధవారం, శనివారం టీకాల డబ్బా కట్టుకుని అడవిలోని గూడేలకు వెళ్ళాలి. మొదట్లో ఆటోల కోసం, ట్రాక్టర్ల కోసం రోడ్డు మీద నిలబడి, అవి వాగు దాకా తీసుకెళ్తే అక్కడి నుంచి నడిచేది. వాగు అవతలి గూడేలకు సగంసార్లు చేరేదే కాదు. స్కూటీ కొందామంటే, దాని చిన్న చక్రాలు వాగు గులకరాళ్ళలో కూరుకుపోతాయని నాయిన ఒప్పుకోలేదు. షెడ్డు మూల పడి ఉన్న పాత మోటార్ సైకిలును విప్పి, కడిగి, బిగించి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ పంజాబీ డ్రెస్సు మీద తెల్లకోటు వేసుకుని కిక్కు కొడుతుంటే రోడ్డు మీద టీ తాగేవాళ్ళ గ్లాసులు నోటి దగ్గరే ఆగిపోయేవి. నాయనమ్మకు మాత్రం అది అస్సలు నచ్చలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

"నడుపుకో సుగుణా. కానీ ఒక్కసారి పడ్డవా, తాళం చెవి నా కొంగుకు కట్టుకుంట. ఇగ ఆ బండి ముట్టేది లేదు."

నాయనమ్మ అన్న మాట అంటే అన్నట్టే. అందుకని ఆ బండి ఆగడం మీద అమ్మ ఉద్యోగం, వాగు అవతలి పిల్లల టీకాలు, ఇంట్లో శాంతి అన్నీ ఆధారపడ్డాయి. ఏ ప్యాడ్లు వేయాలన్న విషయంలో నాయిన పెళ్ళి సంబంధం చూసినంత పని చేశాడు. నేను పదో తరగతిలో ఉన్నానప్పుడు. బడి నుంచి రాగానే షెడ్డులో టైరు మీద కూర్చుని ఆయన పాఠం వినడం నాకు అలవాటు. బడిలో విన్నదానికన్నా అదే ఎక్కువ గుర్తుంది. పరీక్షలో ఈ ప్రశ్నలు ఇవ్వకపోవడం నా దురదృష్టం.

"ఇగో రూతూ, ఇది మెత్తది. ఆర్గానిక్ అంటరు. నార, జిగురు కలిపి చేస్తరు. సప్పుడు చెయ్యది, డిస్కును అరగదియ్యది. ఖమ్మం బజారుల తిరిగేటోనికి మంచిగుంటది. కానీ నీళ్ళు తాగిందనుకో, కాసేపు పట్టది. ఇదేమో మెటల్ ది. రాగి పొడి, ఇనప పొడి కలిపి, ఒత్తి, కాల్చి చేస్తరు. తడిసినా పడ్తది, బురదకు జల్దీ అరగది. కానీ అరుస్తది."

"నడిమిది లేదా నాయినా?"

"ఉంటది. సగం జిగురు, సగం ఇనుము. మంచిదే. కానీ మీ అమ్మకు వాగులు సగం సగం రావు గదా!"

అలా మెటల్ ప్యాడ్లే వేశాడు. డిస్కు వాటికి తట్టుకుంటుందో లేదో చూసి మరీ వేశాడు. అవి అరిచాయండీ! మామూలు అరుపు కాదు. కోడిపెట్టను తోకపట్టి లాగితే ఎలా అరుస్తుందో అలా. అమ్మ మా ఇంటి మలుపు దగ్గర బ్రేకు వేస్తే ఆ చప్పుడుకు షెడ్డులో మనుషులు మాటలు ఆపి, అది అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. నాయనమ్మకు చూపు ఆనేది కాదు కానీ చెవులు మాత్రం ఎంత పదునో చెప్పలేను. సాయంత్రం అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది. షెడ్డుకు వచ్చే పోయే బళ్ళు ఎన్నో, ఏ ఇంజనుకూ తల తిప్పేది కాదు. ఆ కోడిపెట్ట అరుపు వినబడగానే మాత్రం, "రూతూ, ఎసరు పెట్టవే" అనేది. అమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి నీళ్ళు మరుగుతుండేవి. అంతకు ముందు ఎంత ఆకలేసినా, ఎంత ఏడ్చినా పొయ్యి మీదకు గిన్నె ఎక్కేది కాదు. అది వేడి అన్నం కోసమే అనుకున్నాను చాలాకాలం.

అమ్మకు ఆ అరుపుతో ప్రాణం మీదకు వచ్చింది. ఎందుకంటే గూడెంలో పిల్లలు కూడా చెవులున్నవాళ్ళే. అమ్మ బండి గూడెం మొదట్లో అరిచిందంటే చాలు, అంగన్‌వాడీ దగ్గర ఆడుకునే పిల్లలంతా ఒక్కసారిగా మాయం. చెట్లెక్కేవాళ్ళు కొందరు, గడ్డివాములో దూరేవాళ్ళు కొందరు. తల్లులు ఒకవైపు, అమ్మ ఒకవైపు వాళ్ళను వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమయ్యేది. ఒకసారి ఒకడు మేకల దొడ్లో మేకల మధ్య నాలుగు కాళ్ళ మీద నిలబడి, అమ్మ తొంగి చూస్తే "మే" అన్నాడట. ఇంటికొచ్చి అమ్మ, "జర మెత్తటియి వెయ్యవయ్యా, పిల్లలు దొరుకుతలేరు" అంటే, నాయిన "పిల్లలు దొరక్కపోతే రేపు పోతవ్. వాగుల పోతే నువ్వు దొరకవ్" అని నట్టు బిగించుకుంటూ కూర్చున్నాడు.

అమ్మ ఊరుకునే మనిషా! భద్రాచలంలో మీటింగుకని బండేసుకుని పోయి, అక్కడ ఎవరో మెకానిక్ దగ్గర మెత్తటి ప్యాడ్లు వేయించుకుని వచ్చింది. ఆ సాయంత్రం బండి మా మలుపు తిరిగి, పిల్లి వచ్చినట్టు వచ్చి షెడ్డు ముందు ఆగింది. చప్పుడు లేదు. నాయిన చేతిలో పానా పట్టుకునే వచ్చి ముందు చక్రం దగ్గర వంగి చూశాడు.

"ఎవడు మార్చిండు?"

"భద్రాచలంల మార్పించిన."

అంతే. మెకానిక్ పెళ్ళాం వేరే మెకానిక్ దగ్గర బండి విప్పించుకుని వచ్చింది. నాయినకు దీనికన్నా పెద్ద అవమానం లేదు. అమ్మతో మాట్లాడటం మానేశాడు. "పరాయి చెయ్యి పడ్డ బండి నేను ముట్ట" అన్నాడు. కానీ భయం మాత్రం మానలేదు. పక్కన అమ్మ కూర్చుని ఉండగానే నాతో, "మీ అమ్మకు చెప్పు, వాగు దాటినంక బ్రేకు మెల్లగ ఒకటికి రెండుసార్లు నొక్కి ఆరబెట్టుకోమను" అనేవాడు. "మీ నాయినకు చెప్పు, నాకు తెలుసని" అనేది అమ్మ. వాళ్ళిద్దరి మధ్యా తిరిగి తిరిగి నా గొంతు అరిగిపోయింది. ఆ రోజుల్లో గూడెం పిల్లలు చక్కగా దొరికారు. మేం మాత్రం అన్నం ఆలస్యంగా తిన్నాం. అమ్మ వచ్చిన సంగతి నాయనమ్మకు తెలిసేది కాదు. అమ్మ వచ్చి ఎదురుగా నిలబడి "అత్తమ్మా" అనేదాకా చేట ఒళ్ళో పెట్టుకుని, తల రోడ్డు వైపు వంచి అలాగే కూర్చుని ఉండేది. పిలవగానే ఉలిక్కిపడి, "వచ్చినవా? దొంగలెక్క వస్తవేందే!" అని కసిరేది.

రెండో శనివారం నాకు బడి సెలవు. టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని అమ్మ వెనక ఎక్కాను. ముందు రోజంతా వాన. మొదటి వాగు మోకాలి లోతులో దాటాం. అమ్మ బ్రేకు ఆరబెట్టుకోవాలి కదా, నాకు గుర్తుంది. కానీ అప్పుడే ఆమె మేకల దొడ్లో పిల్లాడి కథ మళ్ళీ చెబుతోంది, నేను నవ్వుతున్నాను. గట్టెక్కాం, రెండో వాగు దిగుడు వచ్చింది. అమ్మ బ్రేకు నొక్కింది. బండికి ఆ సంగతి తెలిసినట్టే లేదు. వెనక బ్రేకు తొక్కింది, దాన్లోకీ నీళ్ళు పోయినట్టున్నాయి, అదీ అంతే. భయంలో క్లచ్చు కూడా నొక్కేసింది, దాంతో ఇంజను పట్టు కూడా పోయింది. ఇక మేమిద్దరం, డబ్బా, బండి హాయిగా కిందికి జారుతున్నాం. అప్పుడు అమ్మ గట్టిగా, "ప్రభువా, కాపాడు! ఆదివారం సాక్ష్యం చెప్తా!" అని అరిచింది.

ప్రభువు విన్నాడు. వాగులో మెత్తటి ఇసుక ఉన్న చోట బండి పక్కకు ఒరిగింది. ఇద్దరం నీళ్ళలో చతికిలబడ్డాం. డబ్బా మూత ఊడలేదు, మాకు గీత కూడా పడలేదు. అక్కడ ఒక బర్రె నీళ్ళు తాగడం ఆపి, మమ్మల్ని చూసి, మళ్ళీ తాగింది. అమ్మ డబ్బాను నెత్తిన పెట్టుకుని కాసేపు నవ్వింది. తర్వాత ఒక్కసారిగా ముఖం మాడిపోయింది.

"రూతూ, సాక్ష్యం చెప్తనంటినేమే?"

"అన్నవ్."

"మీ నాయనమ్మ ముందు వరుసల్నే కూసుంటది గదనే!"

మా చర్చిలో ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నలుగురి ముందూ చెప్పాలి. చెబుతానని మొక్కుకుని చెప్పకపోతే అది దేవుడి దగ్గర తీసుకుని ఎగ్గొట్టినట్టే. చెబితే పడిన సంగతి బయటపడుతుంది, తాళం చెవి కొంగుకు పోతుంది. ఆ సాయంత్రం బట్టలెందుకు తడిశాయంటే వాన అని చెప్పింది. రేపు చర్చిలో ఏం చెప్పాలో బావి దగ్గర నాతో రిహార్సల్ చేసింది. "వాగు దగ్గర ప్రభువు నన్ను కాపాడిండు, స్తోత్రం" అని ఒక్క ముక్క చెప్పి కూర్చుంటుందట. పడిన మాట ఉండదు, బ్రేకు మాట ఉండదు, అబద్ధమూ ఉండదు. చాలా బాగుంది అన్నాను.

ఆదివారం అమ్మ లేచింది, అనుకున్న ముక్క చెప్పింది, కూర్చోబోయింది. పాస్టరయ్య చేయెత్తి ఆపాడు.

"ఎట్ల కాపాడిండు తల్లీ? జర వివరంగ చెప్పు. ఇన్నోళ్ళకు విశ్వాసం పెరుగుతది."

అమ్మ నా వైపు చూసింది. నేను పాటల పుస్తకంలోకి చూశాను. "దిగుడు మీద... బ్రేకు పడలేదయ్యా" అంది అమ్మ చిన్నగా.

చర్చిలో ఉన్న తలలన్నీ ఒక్కసారి మగవాళ్ళ వైపు తిరిగి నాయిన మీద ఆగాయి. ఆ వైపు కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర బండి బాగుచేయించుకునేవాళ్ళే. నాయిన లేచాడు. ఎన్నడూ సాక్ష్యం చెప్పని మనిషి.

"స్తోత్రం. అది నేనేసిన బ్రేకు కాదు!"

"దానియేలూ..." అన్నాడు పాస్టరయ్య.

"ఒక్క నిమిషం అయ్యగారూ. అందరు ఇనాలె. అది మెత్తటి ప్యాడు. భద్రాచలంల ఏసిండ్రు. ఏసినోని తప్పు కూడ లేదు, పట్నం రోడ్డు మీద అది మంచిదే. తడిస్తే పట్టది. నేనేసింది మెటల్ ది, అది తడిసినా..."

"దానియేలూ, సాక్ష్యం చెప్తున్నవా, షెడ్డు నడుపుతున్నవా?"

వెనక నుంచి ఎవరో, "అన్నా, నాది పాలబండి, వాగు లేదు గని గుట్ట ఉన్నది. ఏది ఎయ్యాలె?" అన్నారు. నాయిన అటు తిరిగి, "లోడు ఎంతుంటది?" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరయ్య కూడా అటు తిరిగి దగ్గు తెచ్చుకున్నాడు. అప్పుడు ముందు వరుసలో నాయనమ్మ కర్ర ఆనించుకుని లేచింది. 

"సుగుణా, పడ్డవా?"

"పడ్డ అత్తమ్మా."

"దెబ్బ తగిలిందా?"

"లేదత్తమ్మా."

నాయనమ్మ చెయ్యి చాపింది. అమ్మ సంచిలోంచి తాళం చెవి తీసి ఆ చేతిలో పెట్టింది. అందరూ చూస్తుండగా నాయనమ్మ దాన్ని కొంగుకు కట్టి, గట్టిగా ముడేసి, కూర్చుని, "ఇగ పాట పాడుండ్రి" అంది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కోడికూర. ఎవరికీ దిగలేదు. బుధవారం టీకాలు. ఆటో దొరికినా వాగు దాకే. అమ్మ మెతుకులు కలుపుతూనే ఉంది. నాయిన తల వంచుకుని తన కంచంలోని మంచి ముక్క తీసి, నా కంచంలో పెట్టి, "మీ అమ్మకు ఇయ్యి" అన్నాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. నాయనమ్మ మాత్రం నింపాదిగా తిని, చేయి కడుక్కుని, కర్ర పట్టుకుని, ఇంట్లోంచి షెడ్డులోకి నడిచింది. మేం ముగ్గురం వెనకే పోయాం. చేత్తో తడిమి బండి హ్యాండిల్ పట్టుకుని, కొంగు ముడి విప్పి, తాళం చెవి నాయిన ముందు పెట్టింది.

"ఆ అరిసేటియి బిగియ్యి."

"అమ్మా..."

"పడ్తె గుంజుకుంట అన్న. గుంజుకున్న. ఊరంత చూసింది. నా మాట అయిపోయింది. ఇగ నువ్వు బిగియ్యి. ఎవని చెయ్యో పడ్డదని మొగమాటమైతే, కడిగి బిగియ్యి."

"అత్తమ్మా, అవి బాగ అరుస్తయి..." అంది అమ్మ, ఏడుపు నవ్వు కలిసిపోయి.

"అరవనీయే. మీకు బండి ఆగితే సాలు. నాకు చెవుల పడాలె. కండ్లు కనపడయి, పొద్దుగూకుతది, నువ్వు వచ్చినవో రాలేదో నాకెట్ల తెలుస్తది? ఇన్నొద్దులు చేట పట్టుకొని చచ్చి బతికిన."

అప్పుడు తెలిసింది నాకు, మా ఇంట్లో ఎసరు ఎందుకు అంత ఆలస్యంగా ఎక్కేదో. కోడలు అడవిలోంచి ఇల్లు చేరిందని తెలిసేదాకా ఆమె చేయి పొయ్యి వైపు పోయేది కాదు.

నాయిన ఆ సాయంత్రమే మెటల్ ప్యాడ్లు బిగించాడు. అరుపు కాస్త తగ్గుతుందని వాటి అంచులు ఆకురాయితో కొంచెం అరగదీశాడు. బండి తెచ్చి ఆపితే నాయనమ్మ విని, "సగమే అరుస్తున్నది. మొత్తం అరవాలె" అని పేచీ పెట్టింది. గూడెం పిల్లల సంగతి అమ్మే చూసుకుంది. బండి బాగా ఇవతలే ఆపి, ఇంజను బంద్ చేసి, డబ్బా భుజాన వేసుకుని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళేది. ఆ జత పూర్తిగా అరిగాక నాయనమ్మ అడిగి తీసుకుని బైబిల్ పక్కన పెట్టింది. పాస్టరయ్య ఇదేందమ్మా అంటే, "దేవుడు ఒకసారి కాపాడిండు. మిగతాసార్లు ఇవి కాపాడినయ్" అంది.

ఇప్పుడు వాగుల మీద కల్వర్టులు కట్టారు, గూడెం దాకా తారురోడ్డు పడింది. అమ్మ స్కూటీ మీద పోయి, చేరగానే ఫోన్‌లో నాయినకు బొటనవేలి బొమ్మ పంపిస్తుంది. ఇంట్లో కరెంటు కుక్కర్ ఉంది. ఎవరు వచ్చినా, రాకున్నా అది టైముకు టిక్కుమంటుంది. నేనేమో పెళ్ళయి తిరుమలాయపాలెం వచ్చాను. బండి మీద ఖమ్మం పోయి బట్టల షాపులో పని చేసి వస్తాను. నా బండికి కూడా అలవాటు కొద్దీ మెటల్ ప్యాడ్లే వేయించుకున్నాను, అవీ మా గల్లీ మలుపులో తాతల నాటి రాగం తీస్తాయి. ఈమధ్య మా ఆయన ఒక రహస్యం చెప్పాడు. నా బ్రేకు అరవగానే చిట్టి ఫోను దిండు కింద తోసి, పలక ముందేసుకుని కూర్చుంటుందట. నేను లోపలికి వచ్చి, నా బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో అని ఇన్నాళ్ళూ మురిసిపోతున్నాను! గూడెం పిల్లల విషయంలో అమ్మ ఎంత తిప్పలు పడిందో అప్పుడు అర్థమైంది.

అందుకే మొన్న పుట్టింటికి బండి వేసుకునే వెళ్ళాను. "నాయినా, మెత్తయి వెయ్యి" అన్నాను. నాయిన సంబరపడ్డాడు. "మంచి పని. మీ రోడ్లు చదును, వాగు లేదు, గుట్ట లేదు. నీకు మెత్తయే కరెక్టు. డిస్కు కూడ బతుకుతది" అని ప్యాడ్ల డబ్బా విప్పాడు. పానా తిప్పబోతుంటే నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పేసరికి రోజూ టీ సరిగ్గా పొంగుకొస్తూ ఉంటుంది. నేను వచ్చేది ఆమెకు ఎలా తెలుస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

"ఉండనీ నాయినా. అవే ఉండనీ."

"ఏందే, పిల్లతోని ఫోను మాన్పియ్యవా?" అంది అమ్మ.

"నువ్వు గూడెం ఇవతల బండి ఆపి నడవలేదా? నేనూ అప్పుడప్పుడు గల్లీ మొదట్ల ఆపి నడుస్త. ఏ రోజో దానికి చెప్ప."

తెరిచి ఉన్న తలుపు అవతల, అల్మారా కింద చాప మీద అప్పటిదాకా గాఢనిద్రలో ఉన్న చిట్టి ఒక కన్ను తెరిచింది.

"ఏ రోజు?" అంది.